కూత నుంచి కొలువు దాకా

తెనాలి–రేపల్లె రైలుదారిలో ఉన్న జంపని చుట్టూ అంతా మాగాణి. వరి కోయకముందే మినుము చల్లేస్తారు కనుక సంక్రాంతి నాటికి చేలు ఖాళీగా ఉండవు. కబడ్డీ బరికి బడి ఆవరణో, గుడి ముందరి జాగానో చూసుకోవాలి. నల్లరేగడి ఎండితే గట్టిపడి పగుళ్లిస్తుంది, తడిస్తే కాలికి అంటుకుంటుంది. జానెడు లోతు తవ్వి, పెంకులూ గాజుముక్కలూ ఏరి, ఇసుక కలిపి, నీళ్లు చిలకరించి చదును చేస్తారు. 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. ఆటగాడి తయారీ ఈ మట్టిలోనే మొదలవుతుంది.

కుర్రాడికి మొదట నేర్పేది కూత. ‘కబడ్డీ, కబడ్డీ’ అంటూ అవతలి సగంలోకి వెళ్లి, ఒకే ఊపిరితో, తెంపు లేకుండా మధ్యగీత దాటి తిరిగి రావాలి. గడువు 30 సెకన్లు. బిగ్గరగా అరిచే పిల్లాడికి సగంలోనే ఊపిరి అయిపోతుంది. అంపైరుకు వినపడేంత గొంతు చాలని, మిగతా ఊపిరి కాళ్లకు దాచుకోమని కోచ్ రోజూ చెబుతాడు.

తర్వాత అడుగు. మధ్యగీతకు 3.75 మీటర్ల దూరంలో బాక్ లైన్ ఉంటుంది. దాన్ని దాటకుండా, ఎవరినీ ముట్టకుండా వెనక్కొస్తే కూతకెళ్లినవాడే అవుట్. మరో మీటరు అవతల బోనస్ గీత. ఎదురుగా కనీసం ఆరుగురు ఉన్నప్పుడు ఒక కాలు ఆ గీత దాటించి, రెండో కాలు గాల్లో ఉంచితే ఒక పాయింటు. మూలన కాచుకున్న డిఫెండర్ చూపంతా ఆ చీలమండ మీదే. కాలు చాచేది తనను ముట్టడానికా, గీత దాటడానికా అన్నది అతనికి చివరి క్షణం దాకా తెలియకూడదు. నడుము వంచి, బరువు మునివేళ్ల మీద నిలిపి చేసే ఈ ఒక్క కదలికకు ఏళ్ల సాధన కావాలి. ఈ ఆటలో నాకు ఇంతకన్నా అందమైన పనితనం కనిపించలేదు.

జిల్లా, రాష్ట్ర జట్ల దారిలో మట్టిపోయి మ్యాట్ వస్తుంది. మట్టిలో పాదం జారుతుంది, మ్యాట్ మీద బూటు పట్టేస్తుంది. పాత అలవాటులో ఒళ్లు తిప్పితే ఆ మెలి మోకాలికి పడుతుంది. అందుకే తిరగడం మళ్లీ మొదటినుంచీ నేర్పుతారు. బరువూ చూసుకోవాలి: సీనియర్ పురుషుల్లో అది 85 కిలోలు దాటకూడదు.

పెద్ద లీగుకు కింది మెట్టు యువ కబడ్డీ సిరీస్. కుర్రాళ్ల కోసం 2022లో మొదలైంది. పైమెట్టు ప్రొ కబడ్డీ. 2023 ఆటగాళ్ల వేలంలో అన్నిటికన్నా కింది శ్రేణికి కనీస ధర 9 లక్షల రూపాయలు. అదే వేలంలో తెలుగు టైటాన్స్ జట్టు పవన్ సెహ్రావత్ అనే ఆటగాడికి 2 కోట్ల 60 లక్షల 50 వేలు పెట్టింది.

ఇంట్లోవాళ్లు ఎదురుచూసేది మాత్రం కొలువు కోసం. రైల్వే క్రీడా కోటాలో లెవెల్ 1 ఉద్యోగానికి ఏడో వేతన సంఘం లెక్కన తొలి మూలవేతనం నెలకు 18,000. ఎంపికలో 100 మార్కులకు 50 ఆడిన పోటీలకు, 40 ట్రయల్స్‌కు, 10 చదువుకు. ట్రయల్స్‌లో 25 రాకపోతే మిగతావి లెక్కలోకే రావు. కనుక సర్టిఫికెట్లన్నీ ప్లాస్టిక్ కవర్లో సర్దుకుని, బూట్లు సంచిలో వేసుకుని, కుర్రాడు సికింద్రాబాద్ బండెక్కుతాడు.