నూనెగింజలకు తేమవలన గలుగు నష్టము

సంఘసభ్యులు మమ్ము తరచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు. "పప్పు చూచుటకు బాగుగనే యున్నది గదా, నూనెలో ఆమ్లము హెచ్చినదని మిల్లువారు ధర తగ్గించుటేల?" అని. ఈ యామ్లము ఎవరో కలిపినది కాదు. మొదటినుండియు నూనెలోనే బంధింపబడి యుండి, పిమ్మట విడివడినది.

నూనె, నెయ్యి, జంతువుల క్రొవ్వు అన్నియు నొక జాతివే. మూడు పండ్ల గొర్రును తలచుకొనుడు. అడ్డకొయ్య గ్లిసరిను, దానికి దిగిన మూడు పండ్లు క్రొవ్వు ఆమ్లములు. ఫ్రాన్సు దేశపు రసాయనశాస్త్రజ్ఞుడు షెవ్రల్ 1823 లో ప్రకటించిన గ్రంథమున క్రొవ్వులు గ్లిసరినుతోను క్రొవ్వు ఆమ్లములతోను ఏర్పడినవని విశదపరచెను. సబ్బు చేయువారు కాస్టిక్ సోడాతో నూనెను కాచి ఈ పండ్లనే యూడదీయుదురు. అడ్డకొయ్య యన్నిటికి నొకటే గాని పండ్లు వేరు. కొబ్బరినూనెలో ఇంచుమించు సగము లారిక్ ఆమ్లము. అందుచేతనే చలికాలపు ఉదయమున నది గడ్డకట్టును. ఆముదములో నూటికి తొంబది పాళ్లవరకు రిసినోలియిక్ ఆమ్లము; దాని చిక్కదనమునకు కారణమదియే. వేరుసెనగలో హెచ్చుభాగము ఓలియిక్, లినోలియిక్ ఆమ్లములు.

గింజ నూనెను మనకొరకు దాచుకొనలేదు. మొలక ఆకు తొడిగి తన యాహారము తాను సంపాదించుకొనువరకు బ్రతుకుటకు దాచుకొన్నది. గ్రాము పిండిపదార్థము 4 కాలరీల శక్తి నిచ్చుచుండగా గ్రాము నూనె 9 కాలరీల నిచ్చును గనుక, చిన్న గింజలో పెద్ద దినుసు ఇమిడినది. తేమ తగిలి మొలకెత్తు వేళ లైపేజు అను ఎంజైము ఈ పండ్లను ఒక్కొక్కటిగా కోయును. పొలములో నిది మేలు, గోతములో నష్టము. బూజునకును ఇట్టి ఎంజైమే కలదు. పైగా వేరుసెనగపై పెరుగు కొన్ని బూజులు అఫ్లటాక్సిన్ అను విషమును గూడ వదలును.

గత పంటలో మా సంఘసభ్యుడొకరు కాయలు ఒలుచునపుడు పప్పు పగులకుండునని నీరు చల్లిరి. మోసమేమియు లేదు, ఊరిలో నందరును చేయు పనియే. సరిగా ఆరకమునుపే గోతముల కెత్తుటచేత కొద్ది వారములలో ముక్కవాసన వచ్చినది. విడివడిన ఆమ్లమును తీయుటకు మిల్లువారు క్షారము కలుపుదురు. ఆమ్లము సబ్బుగా మారి విడిపోవునపుడు మంచినూనె కొంత దానితో పోవును. ఆ నష్టమునే ధరలో తగ్గింతురు. మాకు న్యాయముగనే తోచినది గాని, ఆ సభ్యునికి ఈ సంగతి ముందుగా నెవరును చెప్పకపోవుట మా లోపమే.

తవుడు దీనికి మంచి దృష్టాంతము. వడ్లగింజలో నూనె యొకచోట, లైపేజు వేరొకచోట నుండును. మర పట్టగానే రెండును కలియుటచేత కొన్ని గంటలలోనే ఆమ్లము పెరుగ నారంభించును. ఉప్పుడు బియ్యపు తవుడు ఇట్లు త్వరగా చెడదు. వడ్లను ఆవిరిపట్టినపుడే ఎంజైము నశించును.

ముక్కవాసనకు రెండవ దారి గాలి. లినోలియిక్ ఆమ్లములో రెండుచోట్ల జంటబంధములు కలవు. వాటి దాపున ఆమ్లజని సులభముగా చొరబడును. ఓలియిక్ ఆమ్లములో నట్టిచోటు ఒక్కటే గనుక ఓలియిక్ హెచ్చుగా గల క్రొత్త వేరుసెనగ రకముల నూనె చాలకాలము నిలుచును. అయినను లినోలియిక్ మనకు వలదని తలపరాదు. మన శరీరము దానిని తయారుచేసుకొనలేదు. అమెరికాలో బర్ దంపతులు 1929 లో ఎలుకలకు క్రొవ్వులేని మేత పెట్టగా వాటి చర్మము పొలుసులు గట్టి, పెరుగుదల నిలిచినది. మన కణముల పొరలు క్రొవ్వులతోనే ఏర్పడినవి. ఎ, డి, ఇ, కె విటమినులు ఒంటబట్టుటకును క్రొవ్వే కావలెను.

కాయలలో తేమ నూటికి 8 పాళ్లకు మించకుండ ఎండబెట్టవలెను. కాయ నూపిన గలగల మనవలెను. పప్పును వ్రేళ్లతో నలిపిన పైపొర యూడవలెను. నీరు చల్లక తప్పనిచో ఒలిచిన పప్పును మరల ఆరబెట్టిన పిమ్మటనే గోతముల కెత్తవలెను. పగిలిన పప్పు ముందుగా చెడును గనుక వేరుచేసి వెంటనే అమ్ముట మేలు. విత్తనమునకు ఉంచుకొన్నవి మాత్రము విత్తువేళ వచ్చువరకు ఒలువక కాయలుగనే యుంచవలెను.