పోటు చూసుకుని రా

బందరు,
6 డిసెంబరు 2025.

చిరంజీవి చిన్నోడిని మామయ్య ఆశీర్వదించి రాయునది.

మొన్న ఫోనులో నువ్వడిగిన దానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పడం ఇష్టం లేక ఈ ఉత్తరం రాస్తున్నాను. "జనం లేని దీవి ఏదైనా ఉంటే చెప్పు మామయ్యా, నాలుగు రోజులు ఎవరి మొహం చూడకుండా కూర్చోవాలనుంది" అన్నావు. మాల్దీవులకు ఎంతవుతుందో, అండమాన్‌కు ఎంతవుతుందో లెక్కలు కూడా వేసుకున్నావు. మీ అమ్మ పుట్టింది గుడివాడలో, నువ్వు ప్రతి వేసవి సెలవులూ గడిపింది బందరులో. అయినా మన జిల్లాలోనే దీవులున్నాయని నీకు ఎవరూ చెప్పలేదంటే తప్పు మాదే. నిన్ను మంగినపూడి తీసుకెళ్ళాం, లడ్డూలు కొనిపెట్టాం, బస్సెక్కించాం. అవతలికి ఎప్పుడూ తీసుకెళ్ళలేదు.

ఆ దీవులున్నది దివిసీమలో. దివిసీమ అంటేనే దీవి సీమ. గుడివాడ నుంచి వస్తే పామర్రు, కూచిపూడి, చల్లపల్లి మీదుగా, బందరు నుంచైనా చల్లపల్లి మీదుగానే మోపిదేవి చేరతావు. మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరస్వామికి దణ్ణం పెట్టుకుని ముందుకు పోతే పులిగడ్డ. అక్కడ కృష్ణ రెండుగా చీలుతుంది. అందులో ఒక పాయ మీద అక్విడక్టు ఉంది. కింద ఏరు, పైన కాలువ, దాని పక్కనే రోడ్డు. అది దాటితే నువ్వు దీవిలో అడుగుపెట్టినట్టే. కాని బస్సులో కూర్చున్నవాడికి ఆ సంగతి తెలియదు, రెండు వైపులా వరిచేలే కనిపిస్తాయి. ఇంకా కిందికి, అవనిగడ్డ, నాగాయలంక దాటాక నేల ముక్కలైపోతుంది. నువ్వు వెతికే దీవులు అక్కడున్నాయి.

ఊళ్ళ పేర్లు విను. నాగాయలంక, ఏటిమొగ, పాలకాయతిప్ప, ఈలచెట్లదిబ్బ. లంక అంటే ఏటి మధ్య ఒండ్రు మేట వేసి లేచిన నేల. తిప్ప, దిబ్బ అంటే నీళ్ళ మధ్య మెరక. మొగ అంటే ఏరు సముద్రంలో పడే నోరు. పటం లేకపోయినా ఎక్కడ నీరుందో, ఎక్కడ నిలబడవచ్చో ఆ పేర్లే చెబుతాయి. ఎదురుమొండి దీవికి ఏటిమొగ రేవు నుంచి పంటు ఉంటుంది. మనుషులు, మోటారు సైకిళ్ళు, గడ్డిమోపులు, గ్యాసు బండలు అన్నీ దాని మీదే దాటాలి. ఈలచెట్లదిబ్బ ఇంకా దూరం, పడవ మీద పోవాలి. నాచుగుంట సముద్రం వైపు. నీకు ఈ మూడింటిలో ఎదురుమొండి చాలు. మొదటిసారికి అంతకంటే వద్దు.

మాల్దీవుల ఫోటోల్లాంటి నీలం నీళ్ళు ఇక్కడుండవు. కృష్ణ ఒండ్రు కలిసిన నీరు, టీ రంగులో ఉంటుంది. తెల్ల ఇసుకా లేదు, ఊయల మంచాలూ లేవు. ఉన్నది మడ అడవి. తెల్లమడ, నల్లమడ, పొన్న, తిల్ల. తిల్ల చెట్టు కొమ్మ విరవకు, దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. నీళ్ళు వెనక్కి లాగే పాటు సమయంలో పడవ మెల్లగా పాయలోకి పోతుంటే ఒడ్డున బురదలోంచి మడ చెట్ల ఊపిరి వేళ్ళు పెన్సిళ్ళు గుచ్చినట్టు వేల కొద్దీ పైకి నిలబడి కనిపిస్తాయి. ఉప్పు బురదలో గాలి ఆడదు కనుక చెట్టు వేళ్ళను పైకి పంపి ఊపిరి పీల్చుకుంటుంది. ఆ వేళ్ళ మధ్య ఎర్ర కొండి ఒకటే పెద్దదిగా ఉన్న చిన్న పీతలు, బురద మీద గెంతే చేపలు. ఇంజిను ఆపమని అడుగు. ఆపితే చిటపటమని ఒక శబ్దం వస్తుంది. అది బురదలోంచి వచ్చే శబ్దం. నేను మొదటిసారి విన్నప్పుడు దూరంగా ఎక్కడో వాన పడుతోందనుకున్నాను. నువ్వు కోరుకున్న నిశ్శబ్దం అదేరా. ఆ పాయలో పది నిమిషాలు మాట్లాడకుండా కూర్చుంటే చాలు.

ఈ అడవంతా 1989 నుంచి కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం. బావురుపిల్లి ఇక్కడ ఉంటుంది. ఇంటి పిల్లికి రెండింతలు, నీళ్ళలో దిగి చేపలు పట్టే పిల్లి. రాత్రిపూట తిరుగుతుంది కనుక నీకు కనిపించదు. బురద మీద దాని అడుగులు కనిపిస్తే అదృష్టం. లోపలికి వెళ్ళాలంటే అటవీ శాఖ వాళ్ళ అనుమతి అడిగి తీసుకో. ఎవరో దొంగదారి ఉందంటారు, వెళ్ళకు.

ఇప్పుడు అసలు సంగతి. పోటూ పాటూ తెలియకుండా అక్కడికి పోవద్దు. నాకు ఇరవైనాలుగేళ్ళప్పుడు, 1986లో, ముగ్గురు స్నేహితులం నాగాయలంకలో పడవ మాట్లాడుకుని బయలుదేరాం. పడవ నడిపే పెద్దాయన ఎక్కేటప్పుడే చెప్పాడు, "బాబూ, పన్నెండింటికల్లా తిరిగిరావాలి, పాటు మొదలైతే ఆ పాయలో నీళ్ళుండవు" అని. మేము ఇసుక మీద పడుకుని, ఈత కొట్టి, మళ్ళీ పడుకుని రెండు చేశాం. ఆయన మూడుసార్లు పిలిచాడు. డబ్బిచ్చాం కదా అన్న ధీమాతో పలకలేదు. తిరిగొస్తుంటే పడవ అడుగు బురదకు రాసుకుని ఆగిపోయింది. మాలో ఒకడు తోద్దామని దూకాడు, మోకాలి పైదాకా దిగిపోయాడు. పెద్దాయన తెడ్డు అడ్డంగా వేసి, దాని మీద బోర్లా పడుకోమని చెప్పి లాగాడు. తరవాత ఒక్క మాట కూడా అనకుండా చుట్ట వెలిగించుకుని కూర్చున్నాడు. రాత్రి ఎనిమిది దాటాక పోటు వచ్చి పడవను లేపింది. రేవులో ఆయన భార్య లాంతరు పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో. ఆ రాత్రి ఆయన వేటకు పోవాల్సింది, మా వల్ల పోలేదు. మేమిచ్చిన కిరాయి ఆ వేటకు సరిపోతుందా లేదా అని అడగాలని కూడా మాకు తట్టలేదు. నలభై ఏళ్ళవుతోంది, ఆ లాంతరు నేను మరిచిపోలేదు.

ఆయనే ఆ ఆరు గంటల్లో నాకు లెక్క నేర్పాడు. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఈ రోజు వచ్చిన వేళ కంటే రేపు దాదాపు రెండు గడియలు ఆలస్యంగా వస్తాయి. పున్నమికీ అమావాస్యకీ పోటు ఎక్కువ, పాటు కూడా అంత లోతుకు లాగుతుంది. అష్టమి నవముల్లో తేడా తక్కువ. గోడ మీద క్యాలెండరులో తిథి చూస్తే చాలు, ఆయనకు గడియారం అక్కర్లేదు. నువ్వు ఫోనులో చూసుకో, తప్పు లేదు. కాని ఆఖరి మాట మాత్రం పడవ నడిపేవాడిది. ఆయన "ఇక పదండి" అంటే లేవడమే.

కాలం సంగతి కూడా చెబుతాను. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు, వద్దు. మే నెలలో ఉప్పుగాలికి తోలు మండుతుంది. జనవరి, ఫిబ్రవరి బాగుంటాయి. మాఘ పౌర్ణమి ఫిబ్రవరి 1న పడింది. ఆ రోజు హంసలదీవి వేణుగోపాలస్వామి గుడికీ, సాగరసంగమంలో స్నానానికీ ఇసుక వేస్తే రాలనంత జనం వస్తారు. నల్లని కాకి అక్కడ మునిగి తెల్లని హంసయిందని కథ. ఆ తిరునాళ్ళు కూడా ఒకసారి చూడాల్సిందే, కాని నువ్వడిగింది అది కాదు కనుక వారం ఆగి రా. 9వ తేదీ సోమవారం అష్టమి. హంసలదీవి, పాలకాయతిప్ప వైపు వెళ్తే సముద్రంలో నడుం లోతు కూడా దిగకు. ఏరూ సముద్రమూ కలిసే చోట అడుగున లాగుడు ఉంటుంది. చదువుకునే పిల్లలు ఎందరో అక్కడ పోయారు.

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిపూట ఈ తీరానికి వచ్చి ఇసుకలో గుంత తవ్వి వందకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి పోతాయి. అటవీ శాఖ వాళ్ళు ఆ గుడ్లు తెచ్చి కంచె వేసిన చోట పాతిపెడతారు. ఏడు వారాలకు అటూ ఇటూగా పిల్లలు బయటికి వస్తాయి. నీ అదృష్టం బాగుండి వాటిని వదిలే రోజు అక్కడుంటే, టార్చి వేయకు, ఫోను వెలుగు వేయకు. పిల్ల తాబేలు వెలుగును చూసి సముద్రమనుకుని అటు నడుస్తుంది. నీ చేతిలో వెలుగుంటే నీ వైపు వస్తుంది, సముద్రానికి పోదు.

అక్కడి జనాన్ని గురించి చెప్పాలి. జనం లేని దీవి అన్నావు కదా, ఎదురుమొండిలో ఊళ్ళున్నాయి, బడి ఉంది, గుడి, చర్చి ఉన్నాయి. వేట, వ్యవసాయం వాళ్ళ బతుకు. రాత్రి ఆడమనిషికి నొప్పులొస్తే పంటు కోసం చూడాలి. ఏటిమొగ దగ్గర వంతెన కావాలని ఏళ్ళ తరబడి అడుగుతున్నారు. పట్నం నుంచి వచ్చినవాళ్ళు కొందరు "వంతెన వస్తే ఈ అందం పోతుంది" అంటారు, నేను నా చెవులతో విన్నాను. ఆ మాట నీ నోట రాకూడదు. వంతెన కట్టాలి. నీకు దొరికే ప్రశాంతత కోసం ఇంకొకరి బిడ్డ రేవులో పుట్టనక్కర్లేదు.

అందం పోతుందన్న భయం ఉత్తదని కూడా అనను. థాయ్‌లాండులో మాయా బే అని ఒక చిన్న తీరం ఉంది. 2000లో వచ్చిన ఒక సినిమాతో దాని పేరు లోకమంతా తెలిసింది. రోజూ వేలమంది పడవల్లో దిగేసరికి పగడాలు చచ్చిపోయాయి. 2018లో మూసేశారు, 2022 జనవరిలో గాని తెరవలేదు. దాన్ని పాడు చేసింది వంతెన కాదు, వచ్చినవాళ్ళే. అందుకే నీకు చెబుతున్నాను. ఫోటోలు తీసుకో, కాని ఫలానా పాయ, ఫలానా మలుపు అని దారి గీసి లోకానికి పెట్టకు.

నేను చూసిన రోజుల్లో అక్కడ తాగే నీళ్ళు కూడా డబ్బాల్లో పడవ మీద తెచ్చుకునేవాళ్ళు. ఎండలో వెళ్ళిన మాకు ఒక ఇంటావిడ చెంబు నిండా నీళ్ళిచ్చింది. తాగి, మిగిలినవి అలవాటుగా పారబోశాను. ఆవిడేమీ అనలేదు గాని ఆ తడి వంక చూసింది. కనుక నీళ్ళు నువ్వే తీసుకెళ్ళు. ఖాళీ సీసాలు కూడా వెనక్కి తెచ్చుకో. ఎవరైనా భోజనానికి పిలిస్తే మొహమాటపడకుండా కూర్చో. పండుగప్ప పులుసు పెడితే నీ అదృష్టం. లేచేటప్పుడు డబ్బులు చేతిలో పెట్టడం మర్యాద కాదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్ళ చేతికి పళ్ళో, బందరు లడ్డూలో ఇవ్వు. ఎండబెట్టిన చేపల వాసనకు ముక్కు మూసుకోకు. అది వాళ్ళ సంపాదన వాసన.

ఇంకో మాట. 1977 నవంబరు 19, శనివారం. నాకప్పుడు పదిహేనేళ్ళు. ఆ రాత్రి తుపానుతో ఉప్పెన వచ్చి దివిసీమను తుడిచేసింది. పదివేలకు పైగా మనుషులు పోయారు. సొర్లగొంది లాంటి ఊళ్ళు దాదాపు లేకుండా పోయాయి. మీ తాతయ్య బియ్యం బస్తాల లారీ మీద అవనిగడ్డ వెళ్ళి నాలుగో రోజున వచ్చాడు. బావి దగ్గర కూర్చుని గంటసేపు కాళ్ళు కడుక్కున్నాడు. ఏం చూశావని మేము అడగలేదు, ఆయనా చెప్పలేదు. నువ్వు అక్కడ మాట్లాడే ముసలివాళ్ళ ఇళ్ళన్నిట్లోనూ ఆ రాత్రి ఎవరో ఒకరు పోయి ఉంటారు. ఆ మాట నువ్వుగా ఎత్తకు. వాళ్ళు చెబితే చివరిదాకా విను, మధ్యలో ఫోను తీయకు. మడ అడవి అల వేగాన్ని విరుస్తుందని ఇప్పుడు అందరూ చదువుతున్నారు, వాళ్ళకు అది ఎవరూ చెప్పక్కర్లేదు. ఎక్కడైనా మడ మొక్కలు నాటుతుంటే రెండు గంటలు బురదలో దిగి సాయం చెయ్యి.

దీవిలో రాత్రి ఉండే ఏర్పాట్లు వెతకకు. పొద్దున్నే బయలుదేరి చీకటి పడేలోగా నాగాయలంక చేరిపో. అవనిగడ్డలో పడుకోవచ్చు, లేదా మా ఇంటికి వచ్చెయ్యి. నీ గది ఖాళీగానే ఉంది. అత్తయ్య నీ కోసం దోసావకాయ పెట్టి ఉంచింది.

ఆ పడవ పెద్దాయన ఇప్పుడు లేడు. ఆయన కొడుకు నాగాయలంకలోనే ఉన్నాడు, అతనే పడవ నడుపుతున్నాడు. నువ్వు వస్తానంటే మాట్లాడి పెడతాను. కిరాయి బేరం ఆడకు. ఒక రోజు వేట మానుకుని వస్తాడు, ఆ లెక్కన ఇవ్వు. టిక్కెట్టు తీసుకునే ముందు ఒక్కసారి ఫోను చెయ్యి, తిథి చూసి చెబుతాను. అమ్మకు నా మాటగా చెప్పు, వీలైతే తనని కూడా వెంట తీసుకురా. పులిగడ్డ దాటి అక్కయ్య ఎప్పుడూ వెళ్ళలేదు.

ఆశీస్సులతో,
మామయ్య