కుమ్మరి పురుగు

నెల్లూరు సముద్రతీర గ్రామాలలో ఇసుక నేలలు విస్తారం. చాలాచోట్ల కొద్ది అడుగుల లోతులోనే నీరు పడుతుంది. తేమగల ఆ వదులు నేల పచ్చికకు, నారుమళ్ళకు ఎంత అనుకూలమో కుమ్మరి పురుగుకూ అంతే అనుకూలం.

బురదలో మెలగినా బురద అంటని ఈ జీవిని పెద్దలు వైరాగ్యానికి ఉపమానంగా చెప్పారు. దాని శరీరంపై గల పట్టువంటి నూగే అందుకు కారణం. పారల వంటి ముందుకాళ్ళతో అది నేలలో సొరంగాలు తవ్వుతుంది. పగలు వాటిలో దాగి, రాత్రివేళ వేళ్ళను, లేత మొదళ్ళను కొరుకుతుంది. పచ్చిక అక్కడక్కడ ఎండుతుంది. పట్టి లాగితే సులభంగా ఊడివస్తుంది. నేలపై ఉబ్బిన మట్టిగీతలే దాని జాడలు.

శత్రువు స్వభావం తెలిసినవానికి ఉపాయం దొరుకుతుంది. జాడలున్న చోట సబ్బు కలిపిన నీరు పోస్తే పురుగు కొద్ది నిమిషాలలో పైకి వస్తుంది, అప్పుడు ఏరివేయవచ్చు. వరిమడిలో నీరు నిలిపితే అది గట్టుకు చేరుతుంది. అక్కడ కొంగలకు ఆహారమవుతుంది. రెక్కలు వచ్చిన పురుగులు రాత్రి దీపకాంతికి ఆకర్షింపబడతాయి. బాగా చివికిన పశువుల ఎరువునే వాడటం మరొక జాగ్రత్త.

విషమందు చివరి సాధనం మాత్రమే. ఇసుక నేలలో అది నీటితోపాటు సులభంగా కిందికి దిగుతుంది. బావులలో ఊరేది ఆ నీరే. పైగా కుమ్మరి పురుగు ఇతర కీటకాలను కూడా తింటుంది. కాబట్టి దానిని సమూలంగా నాశనం చేయడం కాదు, అదుపులో ఉంచడమే వివేకం. పైరును కాపాడబోయి తాగునీటిని పోగొట్టుకోరాదు.