కొండెక్కేటప్పుడు నడవొచ్చు, చెల్లీ

ఏమ్మే చెల్లీ, పరుగు ఊసెత్తగానే “నాలుగడుగులకే ఆయాసం అక్కా, కొండ మీద పరుగు నావల్ల అయ్యే పనేనా?” అంటావు. నీ వయసువాళ్ళూ, నాకన్నా పెద్దవాళ్ళూ కూడా ఇదే అడుగుతుంటారు. అందుకే అసలు సంగతి ముందే చెప్పేస్తాను. కొండ పరుగులో నిటారు చోట్ల దాదాపు అందరూ నడుస్తారు. ప్రపంచంలో పేరు మోసినవాళ్ళు కూడా తొడల మీద చేతులు ఆనించి, నడుం కాస్త ముందుకు వంచి, చిన్న చిన్న అడుగులు వేస్తూ పైకి పోతారు. నేల కలిసొచ్చిన చోట పరుగు, కలిసిరాని చోట నడక. ఊళ్ళో రోడ్డు మీద పరుగెత్తుతూ ఆగితే ఎవరేమనుకుంటారో అని సిగ్గుపడతాం. కొండ మీద ఆ సిగ్గుకు చోటే లేదు. ఇది మనలాంటి ఇల్లాళ్ళకు బాగా తగిన పరుగని నా గట్టి నమ్మకం.

దూరం పోనక్కర్లేదు. కోలారు ఊరిని ఆనుకునే అంతరగంగ కొండ ఉంది, పెద్దలు శతశృంగమని చెప్పే కొండ. ఊరే సముద్రమట్టానికి 800 మీటర్ల పైన ఉంటే, కొండ కొన ఇంచుమించు 1200 మీటర్లు. కాశీ విశ్వేశ్వరుడి గుడి దగ్గర బసవన్న నోట్లోంచి ఏడాది పొడుగునా నీళ్ళు పడుతూనే ఉంటాయి. ఏడాదంతా పారే ఏరు లేక, చెరువుల్నీ బోర్లనీ నమ్ముకుని బతికే మన జిల్లాలో ఆ ధార విలువ నీకు నేను చెప్పాలా! గుడి దాటాక బండలు మొదలవుతాయి. పెద్ద పెద్ద గుండ్లు ఒకదాని మీద ఒకటి ఒరిగి, వాటి సందుల్లో గుహలు, చుట్టూ ముళ్ళపొదలు, చెట్లు. పైకి చేరితే తేరహళ్ళి లాంటి పల్లెలు, చేలు. బండల దారిన ఎక్కి, పైన పల్లెల మధ్య పరుగెత్తి, తేరహళ్ళి దారి పట్టుకుని దిగితే ఒక చుట్టు అవుతుంది. బండల మీదుగా మాత్రం దిగొద్దు. ఎక్కేటప్పుడు చేతికి పట్టు ఇచ్చిన బండే దిగేటప్పుడు కాలు జారుస్తుంది. వాన పడిన మర్నాడు ఆ వైపే పోవద్దు.

కొండ పరుగులో ఎక్కడం ఊపిరికి పరీక్ష, దిగడం తొడలకు పరీక్ష. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే ఒంటి బరువును ఆపాలి. అందుకే ఆ రోజు ఏమీ అనిపించదు, మర్నాడూ ఆ మర్నాడూ మెట్లు దిగాలంటే ప్రాణం మీదికి వస్తుంది. భయపడకు, కొన్ని వారాల్లో కండరాలు అలవాటు పడతాయి. మోకాళ్ళు కొంచెం వంచి ఉంచు, అడుగులు పొట్టిగా వెయ్యి, చేతులు కాస్త పక్కలకు చాచు. చూపు కాలివేళ్ళ మీద కాకుండా నాలుగైదు అడుగుల ముందు నేల మీద ఉండాలి. దారి చీలిన ప్రతిచోటా ఒకసారి వెనక్కి తిరిగి చూసుకో. వచ్చేటప్పుడు కనిపించిన దారి, పోయేటప్పుడు వేరేగా కనిపిస్తుంది.

ఇక మనలో మన మాట. కాన్పు తర్వాత దిగుడులో పరుగెత్తితే, గట్టిగా తుమ్మితే, రెండు చుక్కలు మూత్రం పడుతుందని చాలామంది ఆడవాళ్ళు పరుగే మానుకుంటారు, ఎవరితోనూ చెప్పుకోరు. ఇది చాలామందికి ఉండేదే, సరిచేసుకోగలిగేదే. కటి కండరాలను బిగించి వదిలే వ్యాయామాలు ఉన్నాయి, డాక్టరమ్మను అడిగి నేర్చుకో. అలాగే ఆయాసం సంగతి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అంటే మనలో సగానికి పైగా! నీ ఆయాసం సోమరితనం వల్ల వచ్చిందని నిన్ను నువ్వు తిట్టుకునే ముందు హిమోగ్లోబిన్ చూపించుకో. రక్తం తక్కువుంటే ముందు దాని పని పట్టు, కొండ ఎక్కడికీ పోదు. రొమ్ములను గట్టిగా పట్టి ఉంచే లోదుస్తు, అడుగున లోతైన గళ్ళున్న బూట్లు, ఈ రెండింటికీ డబ్బు పెట్టడానికి వెనకాడకు. పైన చుడీదారైనా సరే, ట్రాక్ ప్యాంటైనా సరే. బయట ఉన్నప్పుడు నెలసరి వస్తే ఇబ్బంది లేకుండా ఒక ప్యాడూ, వాడినది వెనక్కి తెచ్చుకోవడానికి ఒక కవరూ సంచిలో ఎప్పుడూ ఉంచుకో.

నీకొక మనిషి గురించి చెప్పాలి. అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో ఫ్రోజెన్ హెడ్ అడవుల్లో బార్క్‌లీ మారథాన్స్ అని ఒక పందెం జరుగుతుంది. 1986లో మొదలైంది. ముళ్ళూ పొదలూ నిండిన కొండల్లో ఒకే చుట్టును ఐదుసార్లు తిరగాలి, మొత్తం దూరం 160 కిలోమీటర్ల పైమాటే. అన్ని చుట్లలో ఎక్కే ఎత్తంతా కలిపితే ఎవరెస్టుకు రెండింతలు. ఇచ్చే సమయం 60 గంటలు. దారిలో అక్కడక్కడా పుస్తకాలు దాచి పెడతారు, తన నంబరున్న పేజీని చింపి తెచ్చి చూపిస్తేనే తిరిగినట్టు లెక్క. పందెం మొదలైనప్పటి నుంచి 2024 దాకా ఏ ఆడమనిషీ ఐదు చుట్లూ పూర్తి చేయలేదు. ఆ ఏడు మార్చిలో జాస్మిన్ పారిస్ పూర్తి చేసింది, 59 గంటల 58 నిమిషాల 21 సెకన్లలో. ఇంకా 99 సెకన్లే మిగిలి ఉన్నాయి. ఆమె పశువుల డాక్టరు, ఇద్దరు బిడ్డల తల్లి. అంతకు ముందు 2019లో బ్రిటన్‌లో దాదాపు 430 కిలోమీటర్ల స్పైన్ రేసును, ఏడాది దాటిన పసిబిడ్డ కోసం మజిలీల దగ్గర పాలు పిండుకుంటూ, మగవాళ్ళందరికన్నా ముందు ముగించింది. నువ్వు ఆమెలా పరుగెత్తాలని కాదు చెల్లీ ఇదంతా చెప్పింది. బిడ్డను కన్న ఒళ్ళు ఇక పనికిరాదని ఎవరైనా అంటే నమ్మొద్దని.

ఆడవాళ్ళను చట్టమే ఆపిన చోట్లూ ఉన్నాయి, మన కోలారు బంగారు గనుల (కేజీఎఫ్) సంగతే ఆలోచించు. అక్కడ ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు పోయింది. 1952 గనుల చట్టం ఆడవాళ్ళను భూమి లోపలి పనికి పెట్టుకోకూడదంది. ఆ ఆంక్ష సడలింది 2019లో. మన గనులు 2001 ఫిబ్రవరి 28నే మూతపడ్డాయి. కాబట్టి ఇక్కడి ఆడబిడ్డలకు ఆ లోతు దక్కకుండానే పోయింది. కొండ ఎక్కొద్దనే చట్టం మాత్రం ఎప్పుడూ లేదు. మనల్ని ఆపేది నలుగురేమంటారో అన్న జంకూ, తీరికలేనితనమూ. వాటి సంగతి మనమే చూసుకోవాలి.

కేజీఎఫ్‌లో ఉండే చెల్లెళ్ళకు ఒక మాట. సైనైడ్ గుట్టలు ఎక్కి దిగడానికి అనువుగా కనిపిస్తాయి. అవి బంగారం తీశాక మిగిలిన రాతిపొడి. రొప్పుతూ గాలి పీల్చేటప్పుడు ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, అక్కడ పరుగు వద్దు. బంగారుపేట తాలూకాలో కామసముద్రం వైపు అడవుల్లోకి ఏనుగులు వస్తాయి, అటువైపు అటవీశాఖ వాళ్ళను అడగకుండా అడుగు పెట్టొద్దు. అంతరగంగలోనూ జాగ్రత్త ఉండాలి. చిరుతలు తిరిగే కొండ అది. బాగా తెల్లవారాక బయలుదేరి, ఎండ ముదరక ముందే దిగిపోవాలి. గుహల్లోకి ఒంటరిగా దూరొద్దు. కోతులు ఎక్కువ, తినేది చేతిలో కనిపించనివ్వకు. ఒకటిన్నర లీటరు నీళ్ళు, ఉప్పు కలిపిన నిమ్మరసం, రెండు వేరుశనగ ఉండలు చాలు. దిగొచ్చాక ఇంట్లో రాగి సంగటి ఎలాగూ ఉంటుంది.

ఎలా మొదలుపెట్టాలంటావా? మొదట కొన్ని వారాలు గుడి దాకా మెట్లెక్కి దిగు, నడకే. పక్కనున్న మనిషితో మాట్లాడుతూ ఎక్కగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు. తర్వాత తేరహళ్ళి దారిన పైకి పోయి, చదునుగా ఉన్న చోట పరుగెత్తు. ఒళ్ళు కుదిరాక బండల దారి కలుపుకుని చుట్టు పూర్తి చెయ్యి. ఒక్కదానివే మాత్రం పోవద్దు. తోడికోడలినో, ఎదురింటి వదిననో, ఆఫీసులో స్నేహితురాలినో కలుపుకుని కనీసం ముగ్గురు కండి. ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి బయలుదేరండి. ఆ దారిలో ఒక్క ఆడమనిషి కనిపిస్తే అందరూ వింతగా చూస్తారు. ప్రతి ఆదివారం పదిమంది కనిపిస్తే చూపులు వాటంతట అవే మామూలవుతాయి. మన కూతుళ్ళు ఆ కొండ మీద ఎవరి చూపులకూ జంకకుండా పరుగెత్తాలంటే, ముందు మనం నడుచుకుంటూనైనా ఎక్కాలి. వచ్చే ఆదివారం ఎవరిని తోడు తీసుకుపోతావో ఈ రాత్రే అడుగు.