స్టీలు చెంచాలు, పళ్ళెములు: ఎంపిక, సంరక్షణ

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలో నేడు స్టీలు పళ్ళెము, గ్లాసు, చెంచా లేని ఇల్లు అరుదు. జనగామ చెంతనున్న పెంబర్తి ఇత్తడి పనికి పేరుగాంచిన ఊరు. కళాయి లేని ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాచినచో చిలుమెక్కి ఆరోగ్యమునకు కీడు చేయునని మన పెద్దలెరుగుదురు. స్టీలుకు కళాయి అక్కరలేదు. అంతమాత్రమున జాగ్రత్త కూడ అక్కరలేదనుకొనుట పొరపాటు.

తుప్పు ఎందుకు పట్టదు?

ఇంగ్లండులోని షెఫీల్డు నగరమున హ్యారీ బ్రియర్లీ 1913లో ఇట్టి ఉక్కును తయారుచేసెను. ఇనుములో నూటికి పదిన్నర పాళ్ళకు తగ్గకుండ క్రోమియము కలిపినచో, అది గాలిలోని ప్రాణవాయువుతో కూడి పైన కంటికి కనబడని పలుచని పొర కట్టును. వడ్లగింజకు పొట్టు ఎట్టిదో, స్టీలుకు ఈ పొర అట్టిది. పొట్టు ఊడిన గింజకు మరల పొట్టు రాదు. ఈ పొర మాత్రము గీత పడినను తిరిగి కట్టుకొనును. దీనిని కాపాడుటయే సంరక్షణ.

కొనునపుడు

18/8 అను ముద్రకు 18 పాళ్ళు క్రోమియము, 8 పాళ్ళు నికెలు అని అర్థము. దీనినే 304 అందురు. చెంచాలకు, పళ్ళెములకు ఇది మేలైనది. నికెలు ఖరీదైనది గనుక 200 తరగతి స్టీలులో దానిని తగ్గించి మాంగనీసు కలుపుదురు. ఇది చవుక, కాని ఉప్పు, పులుపులకు తక్కువగా ఓర్చును. నికెలు లేని 430 రకమును అయస్కాంతము పట్టును. 304, 202 రకములు రెండింటిని సాధారణముగా పట్టదు. కావున అయస్కాంతము పట్టలేదని చెప్పి మేలిరకమని నమ్మరాదు. ముద్ర చూచి, రకము వ్రాయించి రశీదు తీసికొనవలెను. వంటపాత్రల భారత ప్రమాణము ఐ.ఎస్. 14756. ఈ పాత్రలకు ఐ.ఎస్.ఐ. గుర్తు ఉండవలెనని కేంద్ర ప్రభుత్వము 2024లో ఉత్తర్వు చేసెను. బడికి, అంగన్‌వాడీకి పాత్రలు కొను గ్రామాధికారులు ఈ గుర్తును తప్పక చూడవలెను. చెంచా మెడవద్ద వ్రేలితో నొక్కినచో వంగరాదు. అంచులు గరుకుగా ఉండరాదు.

వాడునపుడు

1. ఉప్పు ఈ పొరకు శత్రువు. నీరు మరిగిన పిదప ఉప్పు వేసి కలియబెట్టవలెను. చల్లని నీటిలో వేసిన కల్లు అడుగున నిలిచి సన్నని గుంటలు చేయును.
2. ఊరగాయను జాడీలోనే ఉంచవలెను. అందులో చెంచాను విడిచిపెట్టరాదు.
3. బ్లీచింగు పొడి నీటిని స్టీలు బిందెలో నిలువ చేయరాదు.
4. ఇనుప పీచుతో తోమినచో ఇనుప రజను అంటుకొని తుప్పు మచ్చలగును. కొబ్బరిపీచు, సబ్బు చాలును.
5. బోరునీటి తెల్లని చారలను చింతపండు రసముతో రుద్ది, వెంటనే కడిగి, పొడిగుడ్డతో తుడువవలెను.
6. కత్తుల స్టీలు గట్టిది గాని తుప్పునకు లోనగును. తడిగా ఉంచరాదు.

వంటింటి చెంచా చేనికి పోరాదు

అన్నిటికంటె ముఖ్యమైనది ఇది. మిరప, పత్తి చేలలో పురుగుమందు కొలుచుటకు వంటింటి చెంచాను తీసికొనిపోవుట, సాయంకాలము కడిగి మరల గూటిలో పెట్టుట కలదు. స్టీలు మెరయుచున్నది గనుక శుభ్రమైనదని తోచును. కాని పిడి అతుకులలో, నగిషీ గాళ్ళలో మందు నిలిచియుండవచ్చును. డబ్బాపై ఎర్ర త్రికోణమున్న మందు మిక్కిలి విషపూరితము. అది కొద్దిపాటి లోనికి పోయినను అపాయకరము. ఆ చెంచాతోనే బిడ్డకు పెరుగన్నము కలిపి పెట్టుదుము గదా! పైగా చెంచా కొలత నిలుకడ లేనిది. ఒకరిది చిన్నది, ఒకరిది పెద్దది. పొడిమందును ఒకరు తలగొట్టి, మరొకరు కుప్పగా పోయుదురు. మందు తగ్గిన పురుగు చావదు, మించిన ఖర్చు దండుగ.

అందుచేత మందు కొలతకు గీతలుగల గిన్నెను వేరుగా కొని, మందులతోబాటు పిల్లలకందని చోట తాళము వేసి ఉంచవలెను. ఇదివరకే మందు ముట్టిన చెంచా ఇంట నున్నచో, దాని పిడికి రంధ్రము చేసి గుర్తుపెట్టి, మరల వంటింటికి రానీయరాదు. ఈ సంగతిని ఇంటిలోని ఆడవారికి, పనికివచ్చు కూలీలకు కూడ నేడే తెలుపుడు. చెంచా ఖరీదు కొద్దిపాటిది. ప్రాణమునకు వెల లేదు.