ఓడ నిండా వాళ్లే ఉంటే

2018 సెప్టెంబరులో సిడ్నీ నుంచి ‘వాయేజర్ ఆఫ్ ది సీస్’ అనే ఓడ మూడు రాత్రుల విహారానికి బయల్దేరింది. ఒక భారతీయ పాన్‌మసాలా కంపెనీ తన మనుషుల్ని దాదాపు 1,300 మందిని అదే ఓడలో తీసుకొచ్చిందన్న సంగతి మిగతా ప్రయాణికులకు ఓడెక్కాక గానీ తెలియలేదు. ఈతకొలను చుట్టూ వాళ్లే, బార్లలో వాళ్లే, బఫే దగ్గరా వాళ్లే. ఆడవాళ్లను ఫోన్లలో వీడియోలు తీస్తున్నారని ఫిర్యాదులు వెళ్లాయి. ఆ గొడవ పడలేక గదుల్లోనే ఉండిపోయామని కొందరు చెప్పారు. ఒడ్డుకొచ్చాక ఓడ కంపెనీ డబ్బు వాపసు ఇస్తామంది.

ఆ వార్త చదివి ‘మనవాళ్ల పరువు గంగలో కలిసింది’ అని బాధపడ్డవాళ్లు చాలామంది. బాధపడాల్సిందే. అయితే అందులో ఇంకో సంగతీ ఉంది. ఓడలో ఎవరెవరు ఉంటారో టికెట్ కొన్నవాళ్లు ఎవరూ అడగలేదు, అమ్మినవాళ్లు చెప్పలేదు. గదికి కిటికీ ఉందా, భోజనంలో పనీర్ ఉంటుందా, వైఫైకి ఎంత అని అన్నీ అడుగుతాం. మూడు రాత్రులు ఎవరి మధ్య గడపబోతున్నామో మాత్రం అడగం.

పెద్ద గుంపు మధ్యలో పరాయివాడిగా ఉండి కూడా మన సెలవును మనం కాపాడుకోవడం ఒక నేర్పు. అది ఓర్పు వల్ల వచ్చేది కాదు, అడగడం వల్ల వచ్చేది. మనలో చాలామందికి ఓర్పు దండిగా ఉంటుంది, నోరే పెగలదు. ఓర్చుకుని ఓర్చుకుని చివరి రోజు ఎవరిమీదో ఒకరిమీద, సాధారణంగా ఏ పాపమూ తెలియని వెయిటర్ మీద, విరుచుకుపడతాం.

మొత్తం ఓడను ఒక్కరే తీసుకుంటే పేచీయే లేదు. 2024 మే నెలాఖరున అంబానీల ఇంటి పెళ్లికి ముందు వేడుక ‘సెలబ్రిటీ అసెంట్’లో జరిగింది. మూడువేల మందికి పైగా పట్టే ఓడలో అతిథులు దాదాపు 800. పాటలు తెల్లారేదాకా మోగినా పక్కగదిలో విసుక్కునే పరాయివాడు లేడు. (వాళ్లు దిగిన పోర్టోఫినో ఊరిజనం కొంత గొణుక్కున్నారు, అది వేరే కథ.) ఫ్లోరిడా నుంచి 2011లో మొదలైన ‘70000 టన్స్ ఆఫ్ మెటల్’ కూడా అంతే. అరవై బ్యాండ్లు, మూడువేల మంది హెవీ మెటల్ అభిమానులు. ఆ ఓడెక్కినవాడు చెవులు చిల్లులు పడాలని కోరుకునే ఎక్కుతాడు.

ఇలా ఓడ మొత్తాన్ని ఎవరైనా మాట్లాడుకుంటే మనకు కలిగే ఇబ్బంది ఒక్కటే. మనం ముందే టికెట్ కొని ఉంటే, నెలల ముందే కబురు వస్తుంది: ‘మీ ప్రయాణం రద్దు, డబ్బు వాపసు తీసుకోండి, లేదా వేరే తేదీకి మార్చుకోండి’ అని. టికెట్ షరతుల్లో ఆ వెసులుబాటును ఓడ కంపెనీలు ముందే రాసుకుంటాయి. అందుకే ఓడ టికెట్ ఖరారు కాగానే వెనక్కి రాని విమాన టికెట్లు కొనేయకండి.

అసలు తంటా ఓడలో కొంత భాగమే గుంపుదైనప్పుడు. అమెరికా ఓడ కంపెనీల లెక్కలో సాధారణంగా ఎనిమిది గదులు, పదహారు మంది చేరితే అదొక గ్రూపు. అలాంటివి ప్రతి ఓడలోనూ పదో పాతికో ఉంటాయి, మనకు తెలియను కూడా తెలియవు. గ్రూపు మూడొందలో ఆరొందలో అయితేనే ఓడ రంగు మారుతుంది. అక్కడా అసలు లెక్క తలల సంఖ్య కాదు, నిష్పత్తి. ‘ఐకాన్ ఆఫ్ ది సీస్’లో గదికి ఇద్దరి చొప్పున చూసినా 5,600 మంది పడతారు. అందులో ఆరొందలమంది వ్యాపారుల సంఘం ఎక్కితే లిఫ్టుల దగ్గర టీషర్టులు కనిపిస్తాయి, అంతే. అదే సంఘం పన్నెండొందల మంది పట్టే ఓడెక్కితే మీరు వాళ్ల సమావేశానికి వచ్చిన ప్రేక్షకులు. చిన్న ఓడలో ప్రశాంతంగా ఉంటుందని ఎంచుకునేవాళ్లు ఈ లెక్క మరిచిపోతారు. చిన్న ఓడే గుంపు చేతికి సులువుగా చిక్కేది.

మరి ఏమని అడగాలి? ‘రద్దీగా ఉంటుందా అండీ?’ అని అడిగితే ‘అబ్బే, ఏం ఉండదండీ’ అనే జవాబే వస్తుంది. ట్రావెల్ ఏజెంటును సూటిగా అడగండి: ‘ఈ తేదీల్లో ఓడలో పెద్ద గ్రూపు ఏదైనా ఉందా? ఉంటే సుమారు ఎంతమంది? థియేటర్, లాంజ్‌లు, రెస్టారెంట్లలో ఏవి ఎప్పుడు మూసేస్తారు?’ ఆ గ్రూపు ఎవరిదో చెప్పకపోవచ్చు, మనకది అవసరమూ లేదు. ఎంతమంది, ఏ హాలు, ఏ వేళ తెలిస్తే చాలు. ‘కనుక్కుని చెప్పండి, చెప్పాక డబ్బు కడతాను’ అనడం మొరటుతనం కాదు. డబ్బు మన చేతిలో ఉన్నంతవరకే ప్రశ్నకు బలం. రెండు మూడు రాత్రుల ప్రయాణాలైతే మరీ గట్టిగా అడగండి. కంపెనీలు తమవాళ్లను ఎక్కించేది ఎక్కువగా వాటిలోనే, శనాదివారాలు కలిసొస్తాయి కాబట్టి.

ఇంత అడిగినా, ఓడెక్కాక మెడలో ఒకే రంగు ట్యాగులు వేసుకున్న నాలుగొందల మంది ఎదురుపడొచ్చు. అప్పుడు మొదటి మధ్యాహ్నం చాలా విలువైనది. అందరూ బఫే మీద పడి ఉంటారు, మీరు రిసెప్షన్‌కు వెళ్లండి. ఓడవాళ్ల యాప్‌లోనో, రోజూ గదికి వచ్చే కార్యక్రమాల కాగితంలోనో ‘ప్రైవేట్ ఫంక్షన్’ అని ఉంటుంది, లేదంటే ఆ వేళకు ఆ హాలు పేరే కనిపించదు. ప్రయాణం పొడవునా అలాంటివి ఎన్ని ఉన్నాయో అప్పుడే రాయించుకోండి. ఆ కాగితం మీ చేతిలో ఉందంటే గుంపు దినచర్య మీ గుప్పిట్లో ఉన్నట్టే. వాళ్లకు థియేటర్‌లో సన్మానసభ జరిగే రెండు గంటలూ ఈతకొలను ఖాళీ. వాళ్లంతా మొదటి పంక్తి భోజనానికి కూర్చుంటే రెండో పంక్తి ప్రశాంతం. వేళలు స్థిరంగా ఉండే ఓడల్లో పంక్తి మార్చుకోవాలంటే ఆ మధ్యాహ్నమే డైనింగ్ మేనేజరును కలవాలి. మర్నాటికి అదే కోరిక మరో యాభైమందికి పుడుతుంది.

పెద్ద గుంపుకు ఒక బలహీనత ఉంది. అది ఎప్పుడూ కలిసే కదులుతుంది, కాబట్టి మెల్లగా కదులుతుంది. ఫొటో దిగాలంటే అరగంట, ‘రావుగారు ఇంకా రాలేదు’ అని మరో పావుగంట. ఒంటరి కుటుంబానికి ఆ బరువు లేదు. పొద్దున్నే ఆరున్నరకు పైడెక్ మీద కాఫీ తాగుతూ సముద్రం చూడటానికి ఏ సంఘమూ తీర్మానం చేసి రాదు.

పక్కగదిలో రాత్రి ఒంటిగంటకు అంత్యాక్షరి నడుస్తోందనుకోండి. గోడ మీద గుద్దడం మనవాళ్లు మొదట చేసే పని, దానివల్ల లోపలివాళ్లకు తాళం అందుతుంది తప్ప ఫలితం ఉండదు. రిసెప్షన్‌కు ఫోన్ చేసి గది నంబరు, సమయం చెప్పండి. తెల్లారాక మళ్లీ వెళ్లి, ‘వేరే అంతస్తులో గది ఖాళీ ఉందా?’ అని అడగండి. ఉంటే ఇస్తారు, నిండిపోతే ఇవ్వలేరు. మీ ఫిర్యాదు మాత్రం వాళ్ల పుస్తకంలో చేరుతుంది, తర్వాత అక్కరకొస్తుంది.

ఇవన్నీ బయటి ఏర్పాట్లు. లోపలి సంగతి కొంచెం కష్టం. అందరూ ఒకే టీషర్టులో ఉండి మనం ఒక్కరమే మామూలు చొక్కాలో ఉంటే, పిలవని పెళ్లికి వెళ్లి పంక్తిలో కూర్చున్నట్టు ఉంటుంది. వాళ్లు నవ్వితే మనల్ని చూసే నవ్వారనిపిస్తుంది. నిజానికి వాళ్లు మనల్ని చూడనే లేదు. గుంపులో ఉన్నవాడి కళ్లు గుంపు మీదే ఉంటాయి. కుర్చీల మీద తువ్వాళ్లు పరిచిపోయినవాడికి మీమీద పగేమీ లేదు, తన బావమరిది కోసం పరిచాడు, అంతే. ఈ ఒక్క సంగతి ఒంటబడితే సగం కోపం దిగిపోతుంది. మిగతా సగంతో పని ఉంది: ‘ఏమండీ, ఈ కుర్చీలో ఎవరైనా ఉన్నారా?’ అని మామూలు గొంతుతో అడగడానికి ఆ మాత్రం కాక కావాలి. పదిమందిలో తొమ్మిదిమంది తువ్వాలు తీసేస్తారు.

గుంపుతో మాట్లాడలేం, గుంపులో ఒకరితో మాట్లాడగలం. ముఖ్యంగా అభిరుచి గుంపులతో. అమెరికా ఓడల్లో కుట్టుమిషన్లు పెట్టుకుని బొంతలు కుట్టే ఆడవాళ్ల బృందాలు ప్రయాణిస్తాయి, రోజంతా బ్రిడ్జి ఆడేవాళ్లు, స్టార్ ట్రెక్ వేషాలు వేసేవాళ్లు ఉంటారు. గాయకుడు జొనాథన్ కోల్టన్ చుట్టూ 2011లో మొదలైన జోకో క్రూజ్ మొదట్లో ఇతర ప్రయాణికులతో ఓడ పంచుకున్న చిన్న గుంపే, పెరిగి పెరిగి తర్వాత ఓడనే మాట్లాడుకునే స్థాయికి వచ్చింది. ఇలాంటివాళ్లను ‘ఇదేమిటండీ, కాస్త చెప్పండి’ అని ఒక్క ప్రశ్న అడిగి చూడండి, భోజనం చల్లారిపోయేదాకా చెబుతారు. అంతమాత్రాన వాళ్ల సభలోకి దూరిపోకండి. మెడలో ట్యాగు లేనివాళ్లను తలుపు దగ్గరే ఆపేస్తారు, అది న్యాయం కూడా. ఆ కచేరీకీ ఆ ప్రసంగానికీ వాళ్లు విడిగా డబ్బు కట్టుకున్నారు.

గుంపు అనగానే గోలే గుర్తొస్తుంది గానీ, గోల లేనివీ ఉంటాయి. చాలా ఓడల కార్యక్రమాల కాగితంలో ‘ఫ్రెండ్స్ ఆఫ్ బిల్ డబ్ల్యూ’ అని ఒక చిన్న వరస కనిపిస్తుంది. తాగుడు మానేసినవాళ్లు రోజుకోసారి కూడే చోటు అది, పేరు ఆల్కహాలిక్స్ అనానిమస్ వ్యవస్థాపకుల్లో ఒకరిది. మద్యం ఏరులై పారే ఓడలో వాళ్లు ఒక మూలగదిలో కూర్చుని లేచిపోతారు, ఎవరికీ తెలియదు. పక్కవాడి సెలవును ముట్టుకోకుండా కలిసి ఉండటం సాధ్యమేనని నమ్మడానికి నాకు ఆ వరస చాలు.

సర్దుకుపోవడానికి ఒక హద్దు ఉంది, అక్కడ మొహమాటం పనికిరాదు. కుర్చీ, క్యూ, పాటల గోల అసౌకర్యాలు. అడక్కుండా ఆడవాళ్లనూ పిల్లల్నీ ఫోన్లో తీయడం, వెంటపడటం, దారికి అడ్డంగా నిలబడటం అసౌకర్యాలు కావు. అక్కడ ఆ గుంపులోని ‘పెద్దమనిషి’తో మాట్లాడే పని పెట్టుకోవద్దు, నేరుగా ఓడ భద్రతా సిబ్బంది దగ్గరికి వెళ్లండి. చోటు, వేళ రాసి, ఆ రోజే కాగితం మీద ఇవ్వండి, ఒక నకలు దగ్గరుంచుకోండి. దిగిన వారానికి రాసే ఉత్తరం కన్నా ఓడలోనే ఇచ్చిన నాలుగు వాక్యాలకు విలువెక్కువ. కెమెరాలు అప్పటికింకా ఆ దృశ్యాన్ని దాచి ఉంచుతాయి.

ఇప్పుడు అద్దం మనవైపు తిప్పుదాం. 2022 జూన్‌లో విశాఖపట్నం నుంచి పుదుచ్చేరి, చెన్నైల వైపు కార్డీలియా అనే ఓడ కంపెనీ వాళ్ల ‘ఎంప్రెస్’ బయల్దేరాక, తెలుగువాళ్లకు ఓడ ప్రయాణం వీధి చివరికి వచ్చినట్టయింది. మరుసటి ఏడాది విశాఖ పోర్టులో క్రూజ్ టెర్మినల్ కూడా తెరిచారు. ఆ ఓడ 1990లో కట్టినది, నేటి రాక్షస ఓడలతో పోలిస్తే చిన్నదే. అంటే పైన చెప్పిన నిష్పత్తి లెక్క దానికి బాగా వర్తిస్తుంది. డీలర్ల మీటో, పూర్వవిద్యార్థుల సమ్మేళనమో, షష్టిపూర్తికి కదిలిన మూడు తరాల బలగమో ఎక్కితే, టీషర్టులు వేసుకున్న ఆ గుంపు మనమే. పరాయి గుంపు మధ్య ఒంటరిగా ఉండటం కన్నా, మన గుంపులో ఉండి పరాయివాడిని గమనించడం చాలా కష్టం. హాయిగా ఉంటుంది కాబట్టే కష్టం.

గుంపుకు పెద్దగా వెళ్తున్నవారు మొదట చేయాల్సింది ఒక నోరున్న మనిషిని నియమించడం. లెక్కలు చూసేవాడు కాదు, ‘మావయ్యా, ఆ స్పీకరు కట్టేద్దాం, పక్కన పిల్లలు పడుకున్నారు’ అని పెద్దవాళ్లకు కూడా చెప్పగలిగినవాడు. నలభైమంది ఒకేసారి లిఫ్టుల ముందు చేరకుండా పది పదిమందిగా పంపించండి. మెట్లెక్కగల కుర్రాళ్లు మెట్లే ఎక్కాలి. శాకాహారం లెక్క, చిరుధాన్యాల పేచీ, ఉల్లి వెల్లుల్లి లేని భోజనాల జాబితా బయల్దేరే ముందే ఓడవాళ్లకు పంపితే, బఫే దగ్గర నిలబడి ఒక్కో గిన్నెకు విచారణ జరిపే పని తప్పుతుంది. వెనకున్న క్యూ కూడా కదులుతుంది. గ్రూపు ఫొటోకు మెట్లదారి కాకుండా వేరే చోటు చూసుకోండి. మీ పంక్తి పక్కన ఒంటరిగా ఒక కుటుంబం కూర్చుని ఉంటే, కేక్ కోసినప్పుడు రెండు ముక్కలు అటు పంపండి. ఆ రాత్రి మీ గోలను వాళ్లు ఎంతో కొంత మన్నిస్తారు.

ఇక దిగే రోజు. గ్రూపుల సామాన్లకు ఒకే రంగు ట్యాగులిస్తారు, ఆ రంగును పిలవగానే వాళ్లంతా ఒక్కసారి లేస్తారు. మీ పెట్టెలు మీరే మోసుకోగలిగితే, ముందురాత్రి వాటిని గది బయట పెట్టకుండా దగ్గరే ఉంచుకుని, ‘సొంత సామానుతో దిగేవాళ్లు’ అని పిలిచే మొదటి విడతలో దిగిపోండి. మోయలేకపోతే ఆఖరి విడతకు పేరు రాయించుకుని, తీరిగ్గా ఇంకో కాఫీ తెచ్చుకోండి. మధ్యలో మాత్రం దిగొద్దు, ఆ గంటసేపూ ఓడ వాళ్లది.