కాలిన రెసిస్టర్ చోట ఏం పెట్టాలి?

రెండు రెసిస్టర్లు సిరీస్‌లో ఉన్నాయో పారలల్‌లో ఉన్నాయో ఎలా చెబుతావని రిపేరు బెంచీ మీద కొత్తగా కూర్చున్న కుర్రాణ్ణి అడగండి. వరసగా ఉంటే సిరీస్, పక్కపక్కన ఉంటే పారలల్ అంటాడు. పుస్తకంలో బొమ్మకు ఆ జవాబు సరిపోతుంది, బోర్డుకు సరిపోదు. బోర్డు మీద ఒకదానికొకటి ఆనుకున్నవి సిరీస్‌లో ఉండొచ్చు. చెరో మూల ఉన్నవి పారలల్ కావచ్చు.

చూడాల్సింది ట్రాకులు. మధ్యలో ఏ పార్టూ అడ్డం రాకుండా రాగి ఎంత దూరం సాగినా అదంతా ఒకే పాయింటు. ఒక్కో పాయింటుకు ఒక్కో అక్షరం రాసుకోండి. రెండు రెసిస్టర్ల రెండు కొసలూ అవే అక్షరాల దగ్గర ఉంటే అవి పారలల్. ఒక్క కొసే కలిసి, అక్కణ్ణుంచి మూడో దారి ఏదీ లేకపోతే సిరీస్. చాలామంది తడబడేది ఆ మూడో దారి దగ్గరే.

ఒక లెక్క చూద్దాం. మళ్లీ మళ్లీ రిపేరుకొచ్చే ఒక బోర్డు అనుకోండి. 'క', 'చ'ల మధ్య సప్లై 12 వోల్టులు. 'క' నుంచి 'గ'కి 100 ఓమ్‌లు. 'గ' నుంచి 'చ'కి నేరుగా 220. అదే 'గ' నుంచి 120, దాని వెనకే ఇంకో 100 వెళ్లి 'చ'లోనే కలుస్తాయి. 120, 100 సిరీస్ కాబట్టి 220. ఇప్పుడు 220కి 220 పారలల్, అంటే సగం, 110. మొదటి 100 కలిపితే 210. పరీక్షలో ఇక్కడితో మార్కులు వచ్చేస్తాయి. పనివాడికి అసలు లెక్క ఇక్కడి నుంచే మొదలవుతుంది.

12ని 210తో భాగిస్తే సుమారు 57 మిల్లీయాంపులు. అదంతా మొదటి 100 ఓమ్‌ల గుండానే పోవాలి. కరెంటు వర్గాన్ని ఓమ్‌లతో గుణిస్తే 0.33 వాట్లు. అక్కడ ఉన్నది పావు వాట్ రెసిస్టర్! కస్టమర్ అదే బోర్డు పట్టుకుని మళ్లీ మళ్లీ ఎందుకొస్తున్నాడో తెలిసింది కదా. మళ్లీ పావు వాట్‌దే వేస్తే మళ్లీ కాలుతుంది. అర వాట్‌ది దొరికితే సరే, డబ్బాలో లేదనుకోండి, కోఠి గుజరాతీ గల్లీలో పార్టుల దుకాణాల దాకా పరిగెత్తక్కర్లేదు. 180, 220 పావు వాట్‌వి రెండు పారలల్‌గా వేస్తే 99 ఓమ్‌లు. ఎక్కువ భారం 180 మీద పడుతుంది, అయినా అది 0.18 వాట్లే. పారలల్ లెక్కంటే రెండు విలువల గుణకారాన్ని వాటి కూడికతో భాగించడం, అంతే. జవాబు రెండింట్లో చిన్నదానికన్నా తక్కువ రాకపోతే లెక్క తప్పినట్టే.

మీటరు పెట్టేటప్పుడూ ఇదే తెలివి కావాలి. సప్లై తీసేసి, కెపాసిటర్లు డిశ్చార్జి చేశాకే పెట్టండి. 1 కిలో ఓమ్ రెసిస్టర్‌కు బోర్డులో ఎక్కడో 10 కిలో ఓమ్‌ల దారి పారలల్‌గా ఉంటే మీటరు 909 చూపిస్తుంది. తక్కువ చూపించిందని దాన్ని పీకేయకండి, ఒక కాలు లేపి మళ్లీ చూడండి. టాలరెన్స్ దాటి ఎక్కువ చూపిస్తే మాత్రం అనుమానం అక్కర్లేదు, అది పోయినట్టే. పారలల్ దారులు విలువను తగ్గిస్తాయే తప్ప పెంచలేవు.

230 వోల్టుల మెయిన్స్‌ను డీసీగా మార్చాక సుమారు 325 వోల్టులు వస్తాయి. అడాప్టర్లలో ఆ లైను మీద పెద్ద విలువవి రెండు సిరీస్‌లో కనిపిస్తాయి. అది డబ్బు దండగ కాదు, వోల్టేజీని రెండూ పంచుకోవడానికి పెట్టినవి. ఒకే విలువ వస్తుంది కదా అని వాటి చోట ఒక్కటే వేయకండి. ఇన్‌పుట్‌లో ఫ్యూజులా పనిచేసే ఫ్యూజిబుల్ రెసిస్టర్ పోతే, అక్కడ ఏ జోడింపూ వద్దు. అదే రకం, అదే విలువ, అదే వాటేజీది తెచ్చి వేయండి.